విశ్వవిద్యాలయ ప్రవేశాలు: దరఖాస్తులో మీ కేటగిరీ

14.1 పరిచయం

డిగ్రీ పూర్తిచేసి పి.జి.లోనో, పరిశోధనలోనో చేరాలనుకొనే విద్యార్థి మొదట దరఖాస్తు ఫారం నింపాలి. పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు రాయడానికి ఎవరూ తడబడరు. ఆ తరవాతి గడి 'కేటగిరీ'. అక్కడికి వచ్చేసరికి చాలామందికి సందేహాలు మొదలవుతాయి. "మాది బి.సి.-డి. ఈ ఫారంలో ఆ మాటే లేదేమిటి?" "మాకు రిజర్వేషన్ ఉంది కదా, ఓపెన్ సీటు మాకు ఇవ్వరా?" "మాకు ఏ రిజర్వేషనూ లేదు. అంటే ఓపెన్ సీట్లన్నీ మాకేనా?" ఇలాంటి ప్రశ్నలు మీకూ వచ్చి ఉంటాయి.

ఈ గడిని తప్పుగా నింపితే మంచి మార్కులు వచ్చినా సీటు చేజారిపోవచ్చు. సరిగా నింపి, తగిన ధ్రువపత్రం జతచేయకపోయినా ఫలితం అదే. కౌన్సెలింగ్ రోజున ధ్రువపత్రం సరైన నమూనాలో లేదని తెలిస్తే దాన్ని మార్చుకొనే వ్యవధి సాధారణంగా ఉండదు. కాబట్టి ఈ విషయాలు దరఖాస్తు చేయక ముందే తెలుసుకోవాలి. మన దేశంలోని కేంద్రీయ విశ్వవిద్యాలయాలను ప్రధాన ఉదాహరణగా తీసుకొని ఈ పాఠం సాగుతుంది. అవసరమైన చోట ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పద్ధతులను కూడా చెప్పుకొందాం.

14.2 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• ప్రవేశ కేటగిరీలు ఎలా ఏర్పడ్డాయో చెప్పగలుగుతారు.
• ఒక కోర్సులోని సీట్లు ఏ కేటగిరీకి ఎన్ని వస్తాయో లెక్కకట్టగలుగుతారు.
• ఓపెన్ సీటు అంటే ఏమిటో వివరించగలుగుతారు.
• కేంద్ర జాబితాకు, రాష్ట్ర జాబితాకు గల తేడాను గుర్తించగలుగుతారు.
• పిహెచ్.డి. ప్రవేశంలో ఉండే వేరు రకం కేటగిరీలను తెలుసుకొంటారు.

14.3 కేటగిరీలు ఎలా వచ్చాయి?

స్వాతంత్ర్యం వచ్చిన తొలి రోజుల్లో ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. ఆ రాష్ట్రంలో వైద్య, ఇంజనీరింగ్ కళాశాలల సీట్లను 'కమ్యూనల్ జి.ఓ.' అనే ఉత్తర్వు ప్రకారం పంచేవారు. ప్రతి 14 సీట్లలో 6 బ్రాహ్మణేతర హిందువులకు, 2 వెనుకబడిన హిందువులకు, 2 బ్రాహ్మణులకు, 2 హరిజనులకు, 1 ఆంగ్లో-ఇండియన్లకు, భారతీయ క్రైస్తవులకు కలిపి, 1 ముస్లింలకు ఇచ్చేవారు. ఇక్కడ ఒక విషయం గమనించండి. ప్రతి సీటూ ఏదో ఒక సమూహానికి చెందినదే. అందరూ పోటీపడగల సీటు ఒక్కటీ లేదు.

1951లో సుప్రీంకోర్టు చంపకం దొరైరాజన్ కేసులో ఈ ఉత్తర్వును కొట్టివేసింది. కేవలం కులం, మతం కారణంగా ప్రవేశం నిరాకరించడం రాజ్యాంగానికి విరుద్ధమని చెప్పింది. అయితే తరతరాలుగా చదువుకు దూరమైన వర్గాలకు ప్రత్యేక ఏర్పాటు లేకపోతే సమానత్వం కాగితం మీదే మిగిలిపోతుంది. అందువల్ల పార్లమెంటు అదే సంవత్సరం మొదటి రాజ్యాంగ సవరణ చేసి 15వ అధికరణంలో నాలుగో క్లాజును చేర్చింది. సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన తరగతులకు, షెడ్యూల్డు కులాలకు, షెడ్యూల్డు తెగలకు ప్రత్యేక ఏర్పాట్లు చేసే అధికారం దీనివల్ల ప్రభుత్వానికి వచ్చింది.

ఆ తరవాతి ముఖ్యమైన మార్పులు ఇవి. 2005లో జరిగిన 93వ సవరణ 15వ అధికరణంలో ఐదో క్లాజును చేర్చింది. దాని ఆధారంగా కేంద్ర విద్యాసంస్థల చట్టం వచ్చింది. ఈ చట్టం 2006 నాటిది. కేంద్ర సంస్థల్లో వెనుకబడిన తరగతులకు 27 శాతం సీట్లు దీని ద్వారానే లభించాయి. 2008లో సుప్రీంకోర్టు అశోక కుమార్ ఠాకూర్ కేసులో ఈ చట్టాన్ని సమర్థిస్తూ, వెనుకబడిన తరగతుల్లోని సంపన్న శ్రేణిని, అంటే క్రీమీలేయర్‌ను, మినహాయించాలని చెప్పింది. 2019లో 103వ సవరణ ద్వారా ఆర్థికంగా బలహీన వర్గాలకు 10 శాతం వచ్చింది. ఈ సవరణను సుప్రీంకోర్టు 2022 నవంబరు 7న ముగ్గురు న్యాయమూర్తుల మెజారిటీతో సమర్థించింది. ఇద్దరు విభేదించారు.

14.4 సీట్ల లెక్క

కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో సీట్ల విభజన ఇలా ఉంటుంది.

షెడ్యూల్డు కులాలు (ఎస్.సి.): 15 శాతం
షెడ్యూల్డు తెగలు (ఎస్.టి.): 7.5 శాతం
ఇతర వెనుకబడిన తరగతులు (ఒ.బి.సి.), సంపన్న శ్రేణి కానివారు: 27 శాతం
ఆర్థికంగా బలహీన వర్గాలు (ఇ.డబ్ల్యు.ఎస్.): 10 శాతం
ఓపెన్ సీట్లు: మిగిలిన 40.5 శాతం

మైనారిటీ విద్యాసంస్థలకు ఈ విభజన వర్తించదు. 15వ అధికరణమే వాటిని మినహాయించింది.

ఒక ఎం.ఏ. కోర్సులో 40 సీట్లు ఉన్నాయనుకొందాం. ఎస్.సి.లకు 6, ఎస్.టి.లకు 3 వస్తాయి. ఒ.బి.సి.లకు లెక్క ప్రకారం 10.8, అంటే 11 సీట్లు. ఇ.డబ్ల్యు.ఎస్.కు 4. వీటి మొత్తం 24. మిగిలిన 16 ఓపెన్ సీట్లు.

14.5 ఓపెన్ సీటు ఎవరిది?

ఈ పాఠంలో మీరు తప్పక గుర్తుంచుకోవలసిన విషయం ఇదే: ఓపెన్ సీటు ఏ వర్గానికీ కోటా కాదు. అది అందరిదీ. మన వాడుకలో రిజర్వేషన్ లేని కులాలను 'ఓ.సి.లు' అంటాం. 'ఓ.సి.' అంటే ఓపెన్ కాంపిటీషన్, బహిరంగ పోటీ. అది ఏ కులం పేరూ కాదు. ఈ వాడుక వల్లనే ఓపెన్ సీట్లు కొన్ని కులాలకు కేటాయించినవనే అపోహ బలపడింది. 1951కి ముందు మద్రాసు రాష్ట్రంలో అటువంటి పద్ధతి ఉండేది. నేటి పద్ధతి అది కాదు.

పై ఉదాహరణనే తీసుకొని సీట్లు ఎలా నింపుతారో చూద్దాం. మొదట దరఖాస్తు చేసినవారందరినీ మార్కుల క్రమంలో ఒకే జాబితాగా రాస్తారు. జాబితాలో పైనున్న 16 మందికి 16 ఓపెన్ సీట్లు ఇస్తారు. ఆ 16 మందిలో 11 మంది ఏ రిజర్వేషనూ లేనివారు, ముగ్గురు ఒ.బి.సి.లు, ఒకరు ఎస్.సి., ఒకరు ఇ.డబ్ల్యు.ఎస్. అనుకొందాం. వీరు తమ మార్కులతో ఓపెన్ సీట్లు సంపాదించుకొన్నారు. కాబట్టి వీరిని తమ తమ కోటాల్లో లెక్కించకూడదు. ఒ.బి.సి.లకు కేటాయించిన 11 సీట్లు అలాగే ఉంటాయి. తరవాతి 11 మంది ఒ.బి.సి. అభ్యర్థులకు వాటిని ఇస్తారు. ఎస్.సి.ల 6 సీట్లు, ఎస్.టి.ల 3 సీట్లు, ఇ.డబ్ల్యు.ఎస్. 4 సీట్లు కూడా ఇలాగే నింపుతారు.

చివరికి తరగతిలో ఒ.బి.సి.లు 14 మంది, ఎస్.సి.లు 7గురు, ఎస్.టి.లు ముగ్గురు, ఇ.డబ్ల్యు.ఎస్. ఐదుగురు, ఇతరులు 11 మంది ఉంటారు. మొత్తం 40.

తప్పు పద్ధతిలో చేస్తే ఏమవుతుంది? పైన చెప్పిన ముగ్గురు ఒ.బి.సి. విద్యార్థులను, ఒక ఎస్.సి. విద్యార్థిని, ఒక ఇ.డబ్ల్యు.ఎస్. విద్యార్థిని వారి కోటాల్లోకి నెట్టితే, ఆ కోటాల చివరన ఉన్న ఐదుగురికి సీటు పోతుంది. ఆ ఐదు సీట్లు తక్కువ మార్కులు వచ్చిన ఇతరులకు వెళ్తాయి. అప్పుడు 11 అనేది ఒ.బి.సి.లకు కనీస సంఖ్యగా కాక గరిష్ఠ సంఖ్యగా మారిపోతుంది. రిజర్వేషన్ ఉద్దేశమే తలకిందులవుతుంది. 1992 నాటి ఇందిరా సాహ్ని కేసులోను, 1995 నాటి ఆర్.కె. సభర్వాల్ కేసులోను సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని స్పష్టం చేసింది. అవి ఉద్యోగాలకు సంబంధించిన కేసులు. 1996లో రితేష్ సా కేసులో ఇదే సూత్రాన్ని కళాశాల ప్రవేశాలకు కూడా వర్తింపజేసింది.

ఇక్కడ ఒక మినహాయింపు ఉంది. కోర్సులో చేరడానికి కావలసిన కనీస మార్కుల్లో సడలింపు వాడుకొని అర్హత పొందిన విద్యార్థిని సాధారణంగా రిజర్వు సీటులోనే లెక్కిస్తారు. సడలింపు లేకుండా అర్హత పొందినవారే ఓపెన్ సీటుకు పోటీపడతారు.

అందువల్ల "నాకు మంచి మార్కులు వస్తాయి, నా కేటగిరీ రాయనవసరం లేదు" అని అనుకోకండి. కేటగిరీ రాసినందువల్ల ఓపెన్ సీటు అవకాశం పోదు. రాయకపోతే మాత్రం, మార్కులు కొంచెం తగ్గినప్పుడు రిజర్వు సీటు అడిగే అవకాశం ఉండదు.

పాఠ్యగత ప్రశ్నలు – 1
1. ఒక విశ్వవిద్యాలయంలోని ఒక కోర్సులో 200 సీట్లు ఉన్నాయి. ఒక్కొక్క కేటగిరీకి ఎన్ని సీట్లు వస్తాయి?
2. ఓపెన్ జాబితాలో మూడో స్థానం వచ్చిన ఎస్.టి. విద్యార్థినిని ఏ సీటులో లెక్కించాలి?

14.6 నిలువు కేటగిరీలు, అడ్డ కేటగిరీలు

ఎస్.సి., ఎస్.టి., ఒ.బి.సి., ఇ.డబ్ల్యు.ఎస్. – ఇవి నిలువు కేటగిరీలు. ఒక విద్యార్థి వీటిలో ఒక్కదానికే చెందుతారు. దివ్యాంగుల రిజర్వేషన్ అలాంటిది కాదు. అది ఈ నిలువు గడులన్నింటినీ అడ్డంగా కోస్తూ పోతుంది. దివ్యాంగులు ఏ వర్గంలోనైనా ఉంటారు కదా.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, 32వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలు, ప్రభుత్వ సహాయం పొందే సంస్థలు కనీసం 5 శాతం సీట్లు వీరికి ఇవ్వాలి. వైకల్యం 40 శాతానికి తగ్గకుండా ఉండాలి. గరిష్ఠ వయోపరిమితిలో ఐదేళ్ళ సడలింపు కూడా ఉంది. అంతకుముందున్న 1995 చట్టం ప్రకారం ఈ కోటా 3 శాతమే.

మన 40 సీట్ల తరగతిలో 5 శాతం అంటే 2 సీట్లు. ఇవి 40కి అదనం కాదు. ఒ.బి.సి.కి చెందిన దివ్యాంగ విద్యార్థికి ఈ కోటాలో సీటు వస్తే ఆ సీటును 11 ఒ.బి.సి. సీట్లలో ఒకటిగా లెక్కిస్తారు. మీరు ఎస్.సి., దివ్యాంగులు రెండూ అయితే ఫారంలో రెండు గడులూ నింపాలి. ఒకటి రాసి రెండోది వదిలేస్తే ఒక హక్కును వదులుకొన్నట్లే.

కొన్ని విశ్వవిద్యాలయాలు సైనిక సిబ్బంది పిల్లలకు, వీరమరణం పొందిన సైనికుల భార్యలకు, క్రీడాకారులకు కూడా సీట్లు కేటాయిస్తాయి. ఉదాహరణకు ఢిల్లీ విశ్వవిద్యాలయంలో సైనిక కుటుంబాలకు 5 శాతం సీట్లు ఉన్నాయి. ఈ కోటాలు సంస్థ సంస్థకు మారతాయి. విదేశీ విద్యార్థుల విషయం వేరు. వారికి ఇచ్చేవి అదనపు సీట్లు. 2022లో యు.జి.సి. ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మంజూరైన సీట్లకు పైన 25 శాతం వరకు అదనంగా వారికి ఇవ్వవచ్చు. దానివల్ల మన విద్యార్థుల సీట్లు తగ్గవు.

14.7 కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా

ఒకే విద్యార్థికి రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఒక కేటగిరీ, కేంద్రీయ విశ్వవిద్యాలయంలో మరొక కేటగిరీ ఉండవచ్చు. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వెనుకబడిన తరగతులను ఎ, బి, సి, డి, ఇ అని ఐదు గ్రూపులుగా విభజించారు. కేంద్ర జాబితాలో ఈ గ్రూపులు లేవు. అక్కడ ఉన్నది ఒక్కటే మాట – ఒ.బి.సి. కాబట్టి హైదరాబాదులోని కేంద్రీయ విశ్వవిద్యాలయానికి దరఖాస్తు చేసేటప్పుడు 'బి.సి.-డి' గడి కోసం వెదకనవసరం లేదు. అయితే ముందు మీ కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో చూడాలి. ఈ జాబితా రాష్ట్రాల వారీగా ఉంటుంది. రాష్ట్ర జాబితాలో ఉండి కేంద్ర జాబితాలో లేని కులాలు కొన్ని ఉన్నాయి. ఆ కులాలవారు కేంద్ర సంస్థల్లో ఒ.బి.సి. సీటు అడగలేరు. వారి కుటుంబ ఆదాయం, ఆస్తి పరిమితుల్లో ఉంటే, కేంద్ర సంస్థల ప్రవేశానికి ఇ.డబ్ల్యు.ఎస్. ధ్రువపత్రం కోరవచ్చు.

ఎస్.సి.ల విషయంలో కూడా ఇటీవల మార్పు వచ్చింది. ఎస్.సి.లను ఉపవర్గాలుగా విభజించే అధికారం రాష్ట్రాలకు ఉందని సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న తీర్పు చెప్పింది. 2025లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ ఎస్.సి.లను మూడు గ్రూపులుగా విభజించాయి. ఇది ఆయా రాష్ట్రాల సంస్థలకు వర్తిస్తుంది. కేంద్ర సంస్థల్లో 15 శాతం ఒకటిగానే ఉంటుంది.

రాష్ట్రం దాటినప్పుడు ఏమవుతుంది? తెనాలిలో పుట్టిన ఒక విద్యార్థి కుటుంబం ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగకు చెందినది. తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయి వెళ్ళాడు. అప్పటికి ఆ పిల్లవాడికి తొమ్మిదేళ్ళు. పెద్దయ్యాక మహారాష్ట్రలో వైద్య కళాశాలలో ఎస్.టి. సీటు కోరాడు. ఆ తెగ మహారాష్ట్ర జాబితాలో లేదు. కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1990లో కోర్టు అతని కోరికను అంగీకరించలేదు. ఒక రాష్ట్రంలో ఎస్.సి.గానో, ఎస్.టి.గానో గుర్తింపు పొందినవారు మరొక రాష్ట్రానికి వలస వెళ్తే అక్కడి రాష్ట్ర కోటా వారికి రాదని చెప్పింది. ముంబయి, భివండి, సూరత్ వంటి చోట్ల స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు ఈ తీర్పును గుర్తుంచుకోవాలి. వారి సొంత రాష్ట్రపు ధ్రువపత్రం కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో చెల్లుతుంది. వలస వెళ్ళిన రాష్ట్రపు కోటాలో చెల్లదు.

రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో 'స్థానికులు' అనే మరో కేటగిరీ ఉంది. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు 85 శాతం సీట్లను స్థానిక అభ్యర్థులకు కేటాయించింది. రాష్ట్ర విభజన తరవాత కూడా పాత ప్రవేశ కోటాలు 2024 జూన్ 2 వరకు, అంటే పదేళ్ళు, కొనసాగాయి. ఆ తరవాత రెండు రాష్ట్రాలూ వేరువేరు నిబంధనలు చేసుకొన్నాయి. అందువల్ల ఏ ఏడాది దరఖాస్తు చేస్తే ఆ ఏడాది ప్రకటనే చూడాలి.

ఓపెన్ విధానంలో చదివిన మీకు ఇందులో ఒక ప్రత్యేక విషయం ఉంది. బడిలో చదివినవారి స్థానికతను వారు వరుసగా నాలుగేళ్ళు ఎక్కడ చదివారన్న దాన్నిబట్టి నిర్ణయించేవారు. బడికి వెళ్ళకుండా చదివినవారికి 1974 ఉత్తర్వు నివాసాన్ని ఆధారంగా తీసుకొంది. కాబట్టి బడిలో చదవని ఏళ్ళకు నివాస ధ్రువపత్రం తెచ్చి ఉంచుకోవడం మంచిది.

14.8 ధ్రువపత్రాలు: ఏది, ఎప్పటిది, ఎవరిది?

ఎస్.సి., ఎస్.టి.: ప్రవేశానికి ఆదాయ పరిమితి లేదు. స్కాలర్‌షిప్పుకు ఆదాయ పరిమితి ఉంటుంది. ఈ రెంటినీ కలిపి చూడకండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్.సి. హోదా హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే వర్తిస్తుంది. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో పూర్తిగా చేర్చారు. ఎస్.టి. హోదాకు మతంతో సంబంధం లేదు.

ఒ.బి.సి.: కుల ధ్రువపత్రం ఒక్కటే చాలదు. 'సంపన్న శ్రేణి కాదు' అని తెలిపే, కేంద్ర సంస్థల నమూనాలో ఉన్న ధ్రువపత్రం కావాలి. ఆదాయ పరిమితి ఏడాదికి 8 లక్షల రూపాయలు. ఈ పరిమితి 2017 నుంచి అమల్లో ఉంది. ఇక్కడ చూసేది తల్లిదండ్రుల స్థితి. విద్యార్థి సంపాదన కాదు. తల్లిదండ్రులు ప్రభుత్వోద్యోగులైతే జీతం కాక ఉద్యోగ స్థాయిని చూస్తారు. వ్యవసాయ ఆదాయాన్ని ఈ 8 లక్షల్లో కలపరు. భూమి విస్తీర్ణానికి వేరే పరీక్ష ఉంది.

ఇ.డబ్ల్యు.ఎస్.: ఇక్కడ కూడా 8 లక్షలే. లెక్క మాత్రం పూర్తిగా వేరు. జీతం, వ్యవసాయం, వ్యాపారం – అన్ని ఆదాయాలూ కలుపుతారు. మొత్తం 8 లక్షలకు లోపు ఉండాలి. ఐదెకరాలు లేదా అంతకు మించి వ్యవసాయ భూమి ఉన్నా, 1000 చదరపు అడుగులు లేదా అంతకు మించిన ఫ్లాటు ఉన్నా అర్హత లేదు. నివాస స్థలం నోటిఫై చేసిన మునిసిపాలిటీల్లో 100 చదరపు గజాలు, ఇతర చోట్ల 200 చదరపు గజాలు ఉన్నా అర్హత పోతుంది. సంపన్న శ్రేణిలోకి వచ్చిన ఒ.బి.సి.లు ఇ.డబ్ల్యు.ఎస్.కు మారడానికి వీలులేదు.

పెళ్ళయిన తరవాత చదువు కొనసాగిస్తున్న మహిళలు ఒక తేడా గమనించాలి. కులం పుట్టుకతో వచ్చేది. పెళ్ళితో మారదు. ఒ.బి.సి. సంపన్న శ్రేణి నిర్ణయానికి తల్లిదండ్రుల వివరాలే చూస్తారు, భర్త ఆదాయం చూడరు. ఇ.డబ్ల్యు.ఎస్.లో మాత్రం భర్త ఆదాయం, ఆస్తి కూడా కుటుంబ లెక్కలోకి వస్తాయి.

ఒ.బి.సి., ఇ.డబ్ల్యు.ఎస్. ధ్రువపత్రాల్లో తేదీ చాలా ముఖ్యం. చాలా విశ్వవిద్యాలయాలు ఆ ఏడాది ఏప్రిల్ 1 తరవాత ఇచ్చిన పత్రాన్నే అంగీకరిస్తాయి. నిరుటి పత్రం చూపితే ఓపెన్ అభ్యర్థిగానే పరిగణిస్తారు. అందుచేత ఏప్రిల్ రాగానే మీసేవ ద్వారానో, సచివాలయం ద్వారానో తహసీల్దారుకు దరఖాస్తు చేసుకోండి. ఫారంలో మీ పేరు, పదో తరగతి ధ్రువపత్రంలోని పేరు, కుల ధ్రువపత్రంలోని పేరు ఒకే విధంగా ఉండేటట్లు చూసుకోండి.

పాఠ్యగత ప్రశ్నలు – 2
3. ఒక ఒ.బి.సి. కుటుంబానికి మూడెకరాల పొలం ఉంది. ఆ పొలం మీద వచ్చే ఆదాయాన్ని సంపన్న శ్రేణి 8 లక్షల లెక్కలో కలపాలా?
4. ఎస్.సి. విద్యార్థి దివ్యాంగుడు కూడా అయితే ఫారంలో ఏ గడి నింపాలి?

14.9 పిహెచ్.డి. ప్రవేశంలో కేటగిరీలు

పరిశోధనకు దరఖాస్తు చేసేటప్పుడు రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. మీరు ఏ వర్గానికి చెందినవారు అన్నది మొదటిది. ఇంతవరకు దాని గురించే చెప్పుకొన్నాం. మీరు ఏ అర్హతతో, ఏ పద్ధతిలో పరిశోధన చేస్తారు అన్నది రెండోది.

యు.జి.సి. 2022 నవంబరులో పిహెచ్.డి. నిబంధనలను ప్రకటించింది. రెండేళ్ళ పి.జి. చేసినవారికి 55 శాతం మార్కులు ఉండాలి. నాలుగేళ్ళ డిగ్రీతో నేరుగా రావాలనుకొనేవారికి 75 శాతం ఉండాలి. ఎస్.సి., ఎస్.టి., ఒ.బి.సి., ఇ.డబ్ల్యు.ఎస్., దివ్యాంగ విద్యార్థులకు 5 శాతం సడలింపు ఉంది. పరిశోధన కాలం కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఆరేళ్ళు. మహిళలకు, 40 శాతం మించిన వైకల్యం ఉన్నవారికి మరి రెండేళ్ళు అదనంగా ఇవ్వవచ్చు. మహిళలకు 240 రోజుల వరకు ప్రసూతి సెలవు, శిశు సంరక్షణ సెలవు ఉంది. ఎం.ఫిల్.ను ఈ నిబంధనలు రద్దుచేశాయి.

2024 జూన్ నుంచి యు.జి.సి. నెట్ ఫలితాలను మూడు కేటగిరీలుగా ప్రకటిస్తున్నారు.

కేటగిరీ-1: జె.ఆర్.ఎఫ్. ఫెలోషిప్పుకు, అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి, పిహెచ్.డి. ప్రవేశానికి అర్హత. వీరికి ప్రవేశం ఇంటర్వ్యూ మీద ఆధారపడుతుంది.
కేటగిరీ-2: అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి, పిహెచ్.డి. ప్రవేశానికి అర్హత.
కేటగిరీ-3: పిహెచ్.డి. ప్రవేశానికి మాత్రమే అర్హత.

రెండో, మూడో కేటగిరీల వారికి నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం విలువ ఇస్తారు. వారి నెట్ మార్కులు పిహెచ్.డి. ప్రవేశానికి ఒక సంవత్సరం వరకే చెల్లుతాయి. ఈ 1, 2, 3 అంకెలకు కుల కేటగిరీలతో ఏ సంబంధమూ లేదని గుర్తుంచుకోండి.

ఇక పద్ధతి విషయం. పూర్తికాలం పరిశోధన చేసేవారు, ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్ పరిశోధన చేసేవారు, తాము పనిచేసే సంస్థ పంపగా వచ్చేవారు – ఇలా ఉంటారు. పార్ట్‌టైమ్‌కు మీ యజమాని నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. ప్రవేశ నియమాలు ఇద్దరికీ ఒకటే. 2023 జనవరి నుంచి జె.ఆర్.ఎఫ్. నెలకు 37,000 రూపాయలు. నెట్ ఫెలోషిప్పు లేకుండా కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చేరే పూర్తికాలపు పరిశోధకులకు నెలకు 8,000 రూపాయల ఫెలోషిప్పు ఉంది. కుటుంబ భారం ఉన్నవారు చేరక ముందే ఈ తేడాను లెక్కవేసుకోవాలి. దూరవిద్య ద్వారా, ఆన్‌లైన్ ద్వారా పిహెచ్.డి. ఇస్తామనే ప్రకటనలను నమ్మకండి. అటువంటి పట్టాలకు యు.జి.సి. గుర్తింపు లేదు.

పిహెచ్.డి.లో సీట్లు తక్కువ. ఒక ప్రొఫెసర్ 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ 6గురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మించి మార్గదర్శకత్వం వహించకూడదు. ఒక విభాగంలో ఆ ఏడాది 4 సీట్లే ఉంటే 7.5 శాతం అంటే 0.3 సీటు. ఇలా ప్రతి ఏడాదీ విడివిడిగా లెక్కిస్తే ఎస్.టి.లకు ఎప్పటికీ సీటు రాదు. ఈ అన్యాయం జరగకుండా రోస్టరు పట్టికను వరుసగా పాటించడం, సీట్లను కలిపి లెక్కించడం వంటి పద్ధతులు ఉన్నాయి. ప్రకటనలో మీ కేటగిరీకి సీటు చూపకపోతే నిరాశపడి ఊరుకోకండి. రోస్టరు ఎలా పాటించారో విశ్వవిద్యాలయాన్ని రాతపూర్వకంగా అడగవచ్చు. సమాచార హక్కు చట్టం, 2005 కింద కూడా అడగవచ్చు.

14.10 సారాంశం

• కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో ఎస్.సి. 15, ఎస్.టి. 7.5, ఒ.బి.సి. 27, ఇ.డబ్ల్యు.ఎస్. 10 శాతం సీట్లు పొందుతారు. మిగిలినవి ఓపెన్ సీట్లు.
• ఓపెన్ సీట్లు అందరివీ. మార్కులతో ఓపెన్ సీటు పొందిన రిజర్వుడు విద్యార్థిని కోటాలో లెక్కించకూడదు.
• దివ్యాంగుల కోటా అడ్డంగా వర్తిస్తుంది. అది అన్ని కేటగిరీల లోపలే ఉంటుంది.
• కేంద్ర జాబితా వేరు, రాష్ట్ర జాబితా వేరు. రెండూ చూసుకోవాలి.
• ఒ.బి.సి., ఇ.డబ్ల్యు.ఎస్. ధ్రువపత్రాలు ఆ ఏడాదివే ఉండాలి.
• నెట్ కేటగిరీలు అర్హతను తెలుపుతాయి, సామాజిక వర్గాన్ని కాదు.

14.11 పాఠాంత ప్రశ్నలు

1. మద్రాసు కమ్యూనల్ జి.ఓ. పద్ధతికి, నేటి పద్ధతికి గల ముఖ్యమైన తేడాను వివరించండి.
2. 'రిజర్వేషన్ శాతం కనీస పరిమితే గాని గరిష్ఠ పరిమితి కాదు' – 40 సీట్ల ఉదాహరణతో చర్చించండి.
3. ఒ.బి.సి. ఆదాయ పరీక్షకు, ఇ.డబ్ల్యు.ఎస్. ఆదాయ పరీక్షకు గల తేడాలు రాయండి.
4. మీకు దగ్గరలోని ఒక విశ్వవిద్యాలయపు ఈ ఏడాది ప్రవేశ ప్రకటన తెచ్చుకోండి. అందులోని కేటగిరీలను నిలువు, అడ్డ, అదనపు సీట్లుగా వర్గీకరించండి. మీ కుటుంబంలో ఒకరికి ఏ ధ్రువపత్రాలు కావాలో జాబితా రాయండి.

14.12 పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు

1. ఎస్.సి. 30, ఎస్.టి. 15, ఒ.బి.సి. 54, ఇ.డబ్ల్యు.ఎస్. 20, ఓపెన్ 81.
2. ఓపెన్ సీటులో లెక్కించాలి. ఎస్.టి. సీట్ల సంఖ్య తగ్గదు.
3. కలపనవసరం లేదు. భూమి విస్తీర్ణాన్ని వేరుగా పరీక్షిస్తారు.
4. ఎస్.సి. గడి, దివ్యాంగుల గడి రెండూ నింపాలి. రెండు ధ్రువపత్రాలూ జతచేయాలి.